కోయకుండ, పొట్టు తీయకుండ: నిప్పుల్ల కాల్చిన ఉల్లిగడ్డ



ఈ పోస్టు ఒక్క ఉల్లిగడ్డ గురించి. చెలక సంగతి కూడా వస్తది గని, ముందుగాల వంట సంగతి.

మన ఇండ్లల్ల ఉల్లిగడ్డ లేని కూర తక్కువ. ఉల్లిగడ్డే కూర అయిన పూట అంతకంటే తక్కువ. సన్నగ తరుగుతం, నూనెల ఏంచుతం, ఎర్రగ అయ్యేదాక కలియబెడుతం, దానిమీద వంకాయనో టమాటనో కోడికూరనో వేస్తం. ఆఖరుకు కంచంల చూస్తే ఉల్లిగడ్డ కనిపియ్యదు. పని అంతా అది చేస్తది, పేరు వంకాయకు పోతది. నేను చెప్పే వంటల అట్ల కాదు. మనిషికి రెండు గడ్డలు, కోయకుండ, పొట్టు తీయకుండ, నిప్పుల్ల పెట్టి కాల్చుడు. నూనె లేదు, నెయ్యి లేదు, పెరుగు లేదు, తాలింపు లేదు. జొన్నరొట్టె ఉంటే ఆ పూటకు వేరే కూర అక్కర లేదు.

చెప్పుతానికి ఒక్క మాటల అయిపోతది గని చేసేటప్పుడు నాలుగు విషయాలు సూసుకోవాలె.

మొదటిది గడ్డ ఎంచుకునుడు. కిలోకు పది పన్నెండు తూగేవి మంచిగుంటయి. మరీ పెద్దదైతే పైన బొగ్గయి నడుమ పచ్చిగ ఉంటది. మరీ చిన్నదైతే కాలిన పొరలు పోంగ నోట్లకు ఏం మిగలదు. మెడ సూడుండ్రి. మెడ సన్నగ, ఎండి, బిగుసుకొని ఉండాలె. దొడ్డుగ, ఒత్తితే మెత్తగ ఉన్నదంటే అది సరిగ ఆరని గడ్డ. నిప్పుల్ల పెడితే అది కాలదు, తన నీళ్లల్ల తనే ఉడుకుతది. మొలక వచ్చినయి పప్పుల వేసుకోండి, దీనికి వద్దు. పొట్టు కింద నల్లటి పొడి లెక్క ఉంటే అది బూజు, ఆ గడ్డను పక్కకు పెట్టాలె. మామూలు కూరకైతే పై పొరలు తీసి కడిగి వాడుతం, ఇక్కడ పొట్టుతోనే కాలుస్తున్నం కాబట్టి పట్టింపు ఎక్కువ ఉండాలె.

గడ్డను కడగొద్దు. వేర్లు కోయొద్దు, మెడ కోయొద్దు. ఆ పొట్టే దానికి గిన్నె, ఆ పొట్టే మూత. ఎక్కడన్న చాకు తగిలిందంటే అక్కడికెళ్లి రసం కారి బూడిదల కలుస్తది.

రెండోది నిప్పు. మంట కాదు, నిప్పు. మంటల పెడితే అయిదు నిమిషాలల్ల పైన నల్లగయితది, లోపల ఏం కాదు. తుమ్మకట్టె నిప్పులు అన్నిటికంటే మంచియి, చానసేపు ఆరవు. చింతకట్టె కూడ మంచిదే. పిడకల నిప్పు నెమ్మదిగ ఉంటది, టైం ఉన్నోళ్లకు అది బాగ పనికొస్తది. పత్తికట్టె మాత్రం వద్దని నా మాట. మా నర్మెట్ట దిక్కు పత్తికట్టెకు కరువు లేదు, చెలకల కుప్పలు కుప్పలుగ ఉంటది. గని దాని నిప్పు నిలవదు, రగిలి చల్లారిపోతది. ఇంకో సంగతి, ఆ కట్టె మీద పంట కాలమంతా ఎన్ని మందులు కొట్టినమో కొట్టినోళ్లకు ఎరుకే. దాని మీద తిండి కాల్చుకునుడు నాకు మనసొప్పదు. రంగు వేసిన పాత చెక్క, ప్లైవుడ్డు ముక్కలు కూడ వద్దు.

పొయ్యిల అన్నం, పప్పు అయిపోయినంక కట్టెలు ఎనకకు గుంజి, నిప్పులను జెర పక్కకు జరిపి, వేడి బూడిదల గుంత చేసి గడ్డలు పెట్టాలె. మీద పలుచగ బూడిద, దాని మీద నాలుగు నిప్పులు. పది నిమిషాలకొకసారి పట్టకారుతో మర్లేయాలె. అరగంటకు మెడకాడ సన్నగ బుసబుస అని చప్పుడు వస్తది. రసం నురగలాగ వచ్చి, అక్కడనే కాలి, బెల్లం పాకం తీరుగ అంటుకుంటది. అది మొదటి గుర్తు. రెండో గుర్తు, పట్టకారుతో ఒత్తితే గడ్డ లోపలికి పోవాలె, మగ్గిన పండు ఒత్తినట్టు. ఇంకా గట్టిగ ఉంటే మరో పది నిమిషాలు. కాలిపోతదేమో అని భయపడి ముందే తీయొద్దు. పై రెండు పొరలు బొగ్గు కావాలె, వాటిని మనం తినం.

తీసినంక అయిదు నిమిషాలు ఆగుండ్రి. లోపలి రసం మస్తు వేడి ఉంటది, నోరు కాలుతది. ఆ తర్వాత వేర్ల దిక్కు చాకుతో కోసి, మెడ దిక్కు పట్టుకొని ఒత్తితే లోపలి గడ్డ అంతా ఒక్క ముద్దగ జారి బయటపడుతది. బూడిద దానికి అంటదు. పొరలు వేళ్లతోని విడదీస్తే పువ్వు విచ్చుకున్నట్టు ఉంటది. మీద దొడ్డుప్పు, ఎల్లిగడ్డ కారం, ఏంచి దంచిన పల్లీల పొడి, సగం నిమ్మకాయ. అంతే. అదే బూడిదల నాలుగు పచ్చి మిరపకాయలు రెండు నిమిషాలు పెట్టి తీసి పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

పట్నంల పొయ్యి ఎక్కడిది అంటరు. గ్యాసు మీద కూడ అయితది. మందమైన ఇనుప రొట్టెపెంక పెట్టి, గడ్డలను పొట్టుతోనే దాని మీద పేర్చి, బరువైన గిన్నె బోర్లించి, సన్న మంట మీద ముప్పావుగంట. నడుమ నడుమ మర్లేయాలె. ఓవెన్ ఉన్నోళ్లయితే 200 డిగ్రీల దగ్గర గంటసేపు. పొగ వాసన రాదు గని తీపి మాత్రం అదే వస్తది.

తీపి అన్న కదా, దాని సంగతి చెప్పాలె. ఈ వంటను కోయకుండ ఎందుకు చేయాలె అనేదానికి జవాబు కూడ అందులనే ఉన్నది.

ఉల్లిగడ్డ తనంతట తాను ఘాటు కాదు. గంధకం ఉన్న ఒక పదార్థం, దాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము, రెండూ కణంలో వేరువేరు గదుల్లో ఉంటయి. చాకు పడంగనే గోడ పగిలి రెండూ కలుస్తయి. కలిసిన క్షణం నుంచే ఘాటు పుడుతది, దాంట్ల ఒక వాయువు కంటికి చేరి నీళ్లు తెప్పిస్తది. ఆ వాయువును తయారుచేసే ఇంకో ఎంజైము వేరుగ ఉన్నదని 2002ల జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన్రు. ఆ పనికే 2013ల వాళ్లకు ఇగ్ నోబెల్ వచ్చింది. ఇగ్ నోబెల్ అంటే ముందు నవ్విచ్చి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి. నవ్వుతానికి ఏమున్నది దీంట్ల, రోజు ఏడిచే ఆడోళ్లను అడగాలె.

గడ్డను కోయకుండ వేడిచేస్తే ఏమయితది? గోడలు కూలకముందే వేడికి ఎంజైములు పనిచేయకుండ పోతయి. కలవాల్సినయి కలిసినా ఇగ ఘాటు పుట్టదు. ఉల్లిగడ్డల నూటికి 89 వంతులు నీళ్లే, నాలుగైదు వంతులు చక్కెర. ఆ చక్కెర పచ్చిగడ్డల కూడ ఉంటది గని ఘాటు దాన్ని మన నాలుకకు తెల్వనియ్యదు. ఘాటు పోయి, కొంత నీరు ఆవిరై పోంగనే లోపలున్న తీపి బయటపడుతది. మనం చక్కెర వేయలేదు, ఏ మాయా చేయలేదు. కోసినంక కాల్చి చూడుండ్రి, ఈ రుచి రాదు. ముక్కల్లకెళ్లి రసం కారిపోతది, అంచులు మాడుతయి, నడుమ ఘాటు మిగులుతది.

మా ఇంట్ల ఈ వంట మళ్ల మొదలైంది మా చిన్నబిడ్డ వల్ల. హైదరాబాద్‌ల నౌకరి. ఒక సంక్రాంతికి ఇంటికొచ్చి పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు ఏదీ ముట్టనన్నది. మాంసం ఎప్పుడో ఇడిసిపెట్టింది, అది మాకు ఎరుకే. ఈ పాలముచ్చట కొత్తది. వీగన్ అంటరట. మా ఇంట్ల రెండు బర్లున్నయి. పొద్దున, పొద్దుమీకి పాలు పోసి వస్తేనే ఇంటి ఖర్చు ఎల్లుతది. అసొంటి ఇంట్ల పుట్టిన పిల్ల చాయ కూడ పాలు లేకుండనే తాగుతనంటే మా అవ్వకు అస్సలు మింగుడు పడలేదు.

"ఏందే బిడ్డా, బర్లు కట్టేసుకున్న ఇంట్ల సల్ల తాగవా? ఎవరన్న ఇంటే నవ్వుతరు."

"బాపమ్మా, దుడ్డె తాగే పాలు మనం తాగుడెందుకు? దానికి మనం ఎంత ఇడుస్తున్నమో చెప్పు."

అవ్వ నా దిక్కు సూసింది. దున్నదుడ్డె పుడితే దాని గతి ఏమయితదో పాడి ఉన్న ప్రతి ఇంటికి తెలుసు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉన్నది, యాసంగి పెట్టుబడి ఎక్కడికెళ్లి వస్తదో ఆ జవాబు. గని అది బిడ్డ ముందల నోరు తెరిచి చెప్పేటంత మంచి జవాబు కాదు. నేను బర్లను అమ్మలేదు, అమ్మను కూడ. ఆమె పాలు తాగలేదు, తాగదు కూడ. ఇద్దరం ఒక్క బంతిల కూసోని తినేది ఏదన్న ఉండాలె కదా.

ఆ రాత్రి అవ్వనే పొయ్యిల నాలుగు గడ్డలు పెట్టింది. ఎనభై దాటిన మనిషి, పట్టకారు కూడ అడగలేదు, పుల్లతోనే మర్లేసింది. బిడ్డ రెండు తిన్నది. "ఇందుల ఏం కలిపినవ్ బాపమ్మా?" అని అడిగింది. అవ్వ నవ్వింది. "ఏం కలపలే. కలుపుతానికి ఏం లేనప్పుడు తిన్న తిండి ఇది."

అది నిజం. అవ్వ వయసు పిల్లగ ఉన్నప్పుడు జొన్నచేను కావలికి పోతే సంకల సద్దిరొట్టె, కొంగుల రెండు ఉల్లిగడ్డలు. మంచె కింద మంట పెట్టుకుంటే చలికి చలి, తిండికి తిండి. నూనె అంటే పండుగలకు, బాలింతలకు. నెయ్యి అంటే అమ్ముతానికి. ఇప్పుడు ఎవరన్న దాన్ని ఆరోగ్యం అని, సంప్రదాయం అని వీడియోలు తీస్తే అవ్వ ఆశ్చర్యంగ సూస్తది. లేక తినుడు వేరు, ఉండి వద్దనుడు వేరు. ఆ రోజులు బంగారం అని నేను రాయను. ఆకలి బంగారం ఎట్లయితది? గని ఆ లేమిల కనిపెట్టిన వంట మాత్రం మంచి వంట. దాన్ని ఇడిసిపెట్టుడు ఎందుకు?

ఇంకో ఇచ్చంత్రం చూడుండ్రి. వ్రతం చేసుకునే ఇంట్ల, మడి పాటించే ఇంట్ల పాలు, పెరుగు, నెయ్యి పవిత్రం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ దగ్గరికి రానియ్యరు. కార్తీకంల చానమంది ఇడిసిపెడుతరు. జైనులైతే భూమిల ఊరే గడ్డ ఏదీ తినరు. మా బిడ్డ లెక్క సరిగ దానికి తిరగేసి ఉంటది. ఉల్లిగడ్డ మంచిది, నెయ్యి వద్దు. శాకాహారం అనే ఒక్క మాట కింద ఇన్ని తొవ్వలున్నయి.

అయితే దేవుళ్లందరు ఉల్లిగడ్డను కాదనలేదు. మనకు కొమురవెల్లి మల్లన్న ఎట్లనో మహారాష్ట్రల జేజూరి ఖండోబా అట్ల. గొర్లకాపర్ల దేవుడు, పసుపు బండారి దేవుడు. మార్గశిర శుద్ధ షష్ఠిని వాళ్లు చంపాషష్ఠి అంటరు. చాతుర్మాసం నాలుగు నెలలు వంకాయ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఇడిసినోళ్లు ఆ రోజు కాల్చిన వంకాయ భరిత, రొట్టె, ఉల్లితోని ఖండోబాకు నైవేద్యం పెట్టి మళ్ల తినుడు మొదలుపెడుతరు. నాకు ఈ సంగతి మస్తు నచ్చింది. దేవుని ముందల కూడ కాల్చిన కూరే.

బిడ్డ పట్నం పోయినంక ఫోన్‌ల ఒక వీడియో పంపింది. స్పెయిన్‌ల కటలోనియా అనే ప్రాంతం, వాల్స్ అనే చిన్న పట్నం. అక్కడ ఉల్లిగడ్డలను మళ్ల నాటి, మొలిచిన కాడలకు మట్టి ఎగదోస్తరు. మనం ఆలుగడ్డకు ఎగదోసినట్టే. కాడ తెల్లగ, పొడుగ్గ పెరుగుతది. దాన్ని కల్సోట్ అంటరు. చలికాలంల ద్రాక్షతీగె కత్తిరింపుల మంట మీద వాటిని నల్లగ కాలుస్తరు, పాత పేపర్ల చుట్టి కొద్దిసేపు మగ్గబెడుతరు, ఇంటి పెంకు మీద పెట్టి తెస్తరు. తినేటోళ్లు మెడకు గుడ్డ కట్టుకొని, నల్లపొర చేతితోని గుంజి, తల పైకెత్తి నోట్లె ఏసుకుంటరు. నంజుకునేది బాదం, ఎండుమిరప, టమాట, ఎల్లిగడ్డ నూరిన తొక్కు. జనవరి చివరి ఆదివారం అక్కడ దానికి పెద్ద జాతర. కల్సోట్‌కు యూరప్‌ల భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. వాళ్లది మంట, మనది బూడిద. వాళ్లు బాదం నూరుతరు, మనం పల్లీలు దంచుతం. తుర్కీల కబాబు దుకాణాలల్ల కూడ నిప్పుల మీద కాల్చిన ఉల్లిగడ్డను దానిమ్మ పులుసు పోసి పెడుతరట. నాకైతే చింతపండే ఇష్టం.

ఆ వీడియో చూసి నాకొచ్చిన ఆలోచన ఒక్కటే. వాళ్లు ఆ గడ్డను పొయ్యి కోసమే పెంచుతున్నరు. మనం పొయ్యిల పెట్టే గడ్డ ఎవరు పెంచిన్రో మనకు తెల్వది.

మా దిక్కు ఒకప్పుడు బాయికాడ మిరప మడి పక్కన ఉల్లి మడి ఉండేది. అమ్మేటందుకు కాదు, ఇంటి మందం. ఇప్పుడు చెలకల పత్తి. దేవాదుల నీళ్లు బొమ్మకూరు రిజర్వాయర్‌కు ఎక్కినంక నీళ్లు అందిన కాడ వరి. ఉల్లికి కలుపు ఎక్కువ, చేతితోనే తీయాలె, కూలి కిట్టదు. అంగట్ల దొరుకుతున్నప్పుడు ఎందుకు అనుకొని ఒక్కొక్కలు ఇడిసిపెట్టిన్రు. తెలంగాణల అమ్మకానికి ఉల్లి వేసేది గద్వాల, ఆలంపూర్, దేవరకద్ర దిక్కు రైతులు. హైదరాబాద్ మలక్‌పేట మార్కెట్‌కు మహారాష్ట్ర, కర్నూలు, కర్ణాటక సరుకు వస్తది.

ఆ మార్కెట్ ధర సూస్తే కండ్లు తిరుగుతయి. 2019 సెప్టెంబర్ 29న కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపింది, అయినా డిసెంబర్ల కిలో 100 రూపాయలు దాటింది. 2023 డిసెంబర్ 8న మళ్ల ఎగుమతి ఆపిన్రు, 2024 మే 4న తీసిన్రు. 2025ల కర్నూలుల ధర పడిపోయి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్వింటాకు 1,200 రూపాయల లెక్కన కొంటామని ముందుకొచ్చింది. కిలోకు 12 అన్నట్టు. కొనేటోడు ఏడిస్తే తలుపులు మూస్తరు, పండించేటోడు ఏడిస్తే ఆలస్యంగ వస్తరు. ఉల్లిని అమ్మకానికి వేయమని నేను ఎవరికీ చెప్పను. ఇంటి మందం వేసుకోమంటున్న.

లెక్క చిన్నది. ఒక గుంట అంటే 121 గజాలు, 11 గజాల పొడుగు 11 గజాల వెడల్పు. ఎకరాకు 80 నుంచి 100 క్వింటాళ్లు పండితే మంచి పంట అంటరు. ఆ లెక్కన గుంటకు రెండు క్వింటాళ్ల పైన. అంత రాదనుకోండి, క్వింటన్నర. నలుగురున్న ఇంట్ల వారానికి రెండు కిలోలు వాడితే ఏడాదికి క్వింటా చిల్లర. నిల్వల కొంత పోయినా ఇల్లు గడుస్తది. గుంటకు ఇత్తులు 100 గ్రాములు చాలు.

కాల్చుకునే గడ్డ యాసంగిదే కావాలె. వానాకాలం గడ్డల నీరు ఎక్కువ, మెడ దొడ్డు, నిల్వ ఉండదు. దానికి అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53 లాంటి రకాలు వేస్తరు, అవి కూరకు సరే. యాసంగికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, పుణె దగ్గర రాజగురునగర్ ఉల్లి పరిశోధన కేంద్రం ఇచ్చిన భీమా శక్తి, భీమా కిరణ్ లాంటివి నిల్వకు పేరున్నయి. అక్టోబర్ చివర నారు పోసి, ఏడు వారాల నారు డిసెంబర్ల నాటాలె. వరుసకు వరుసకు జానెడు కంటే కొంచెం తక్కువ, మొక్కకు మొక్కకు నాలుగు వేళ్లు. నాటిన రెండు నెలల తర్వాత యూరియా ముట్టొద్దు. ఆలస్యంగ వేసిన యూరియా గడ్డను పెద్దగ చేస్తది, మెడను దొడ్డుగ చేస్తది. అంగట్ల చూడముచ్చటగ ఉండి ఇంట్ల పది రోజులకు కుళ్లేది ఆ గడ్డనే.

సగం మొక్కల మెడలు వాలినయంటే పీకే టైం వచ్చింది. అంతకు పది, పదిహేను రోజుల ముందే నీళ్లు ఆపాలె. పీకినంక ఒక వరుస ఆకులు ఇంకో వరుస గడ్డలను కప్పేటట్టు చెలకల మూడు నాలుగు రోజులు పరవాలె, ఎండ గడ్డకు నేరుగ తగలొద్దు. తర్వాత మెడ ఒక అంగుళం ఇడిసి ఆకు కోసి, నీడల పది పన్నెండు రోజులు ఆరబెట్టాలె. ఈ ఆరబెట్టుడు కాడనే అందరు తొందరపడుతరు. మెడ మూసుకునేది అప్పుడే, పై పొట్టు కాగితం లెక్క అయ్యేది అప్పుడే. నేను మొదట చెప్పిన గిన్నె, మూత తయారయ్యేది ఈ పన్నెండు రోజులల్ల. బస్తాలల్ల కుక్కి మూలకు పెట్టొద్దు. వెదురు తడక మీద, గాలి ఆడేకాడ, రెండు జానల కంటే ఎత్తు లేకుండ పొయ్యాలె. ఆలుగడ్డను పక్కన పెట్టొద్దు. వారానికొకసారి చేయి పెట్టి కలియదిప్పి మెత్తబడ్డయి ఏరాలె. ఆ ఏరుడు మా అవ్వ పని, ఇంకొకలను చేయనియ్యదు.

ఒక జాగ్రత్త కూడ చెప్పాలె. ఉల్లిగడ్డల బలం ఉన్నదని, దీనితోనే బతకొచ్చని ఎవరన్న చెపితే నమ్మకుండ్రి. గడ్డల మాంసకృత్తులు చాన తక్కువ. అందుకే దాని పక్కన జొన్నరొట్టె, మీద పల్లీల పొడి, ఇంకో గిన్నెల కందిపప్పో పెసరపప్పో. పాలు, గుడ్లు పూర్తిగ ఇడిసినోళ్లకు బి12 విటమిన్ మొక్కలకెళ్లి రాదు, దానికి గోలీ వేసుకోవాల్సిందే. ఈ ముచ్చట మా బిడ్డకు నేనే ఫోన్ చేసి చెప్పిన. "నాకు తెలుసు బాపూ, వేసుకుంటున్న" అన్నది. పాలమ్మే తండ్రి బి12 గురించి అడిగితే ఆమెకు నవ్వొచ్చినట్టుంది. కొందరికి ఉల్లిగడ్డ తింటే కడుపు ఉబ్బుతది, కాల్చినా ఉబ్బుతది. వాళ్లు ఒక గడ్డ కాడ ఆపుకోవాలె. సెగ్గడ్డ లేస్తే కాల్చిన ఉల్లిగడ్డ కట్టు కట్టేటోళ్లు మా పెద్దలు. నేను కట్టుమని చెప్తలేను, తినుమంటున్న.

ఇగ మిగిలిన గడ్డల సంగతి చెప్పి ఆపుత. పొయ్యిల పెట్టేటప్పుడే రెండు ఎక్కువ పెట్టుండ్రి. తెల్లారి నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, పలుచగ పులుసు తీసి, కాల్చిన గడ్డలను, కాల్చిన రెండు పచ్చి మిరపకాయలను చేతితోనే అందుల పిసకాలె. ఉప్పు, ఏంచిన నువ్వుల పొడి ఒక చెంచ, ఏంచిన జీలకర్ర పొడి చిటికెడు, కొత్తిమీర. మామూలు పచ్చిపులుసుల బెల్లం వేసేటోళ్లు దీంట్ల వేయొద్దు, ఆ తీపి గడ్డనే ఇస్తది. తాలింపు కూడ పెట్టొద్దు. అన్నం మాత్రం పొగలు రావాలె, పులుసు చల్లగ ఉండాలె.